ఊరికే స్టేషన్‌దాకా రా

అప్పుడు నాకు పందొమ్మిదేళ్లు, డిగ్రీ రెండో సంవత్సరం. సెకండ్ షో చూసి నేనూ, నా రూమ్మేటూ ఒకే సైకిలు మీద గదికి వస్తున్నాం. నేను తొక్కుతుంటే వాడు వెనక కేరియర్ మీద కూర్చుని కూనిరాగం తీస్తున్నాడు. గడియార స్తంభం మలుపులో ఇద్దరు పోలీసులు టార్చిలైటు మొహాన కొట్టి ఆపారు. ఎక్కడ్నుంచిరా అంటే సినిమా నుంచి సార్ అన్నాం. టికెట్టు ముక్క చూపించమన్నారు. అది హాల్లోనే పారేశాం. ఏ ఊరు, ఏం చదువు, నాన్న ఏం చేస్తాడు అని అన్నీ అడిగాక అందులో పెద్దాయన, గొంతులో కోపమేమీ లేకుండానే, "ఊరికే స్టేషన్‌దాకా రండ్రా, పొద్దున్నే పోదురుగాని" అన్నాడు. వెళ్లాం. వెళ్లకుండా ఉండొచ్చేమో అన్న ఆలోచన కూడా మాకు రాలేదు.

ఆ రాత్రంతా స్టేషన్ వరండాలో బల్ల మీద కూర్చున్నాం. ఎవరూ కొట్టలేదు. తెల్లారి ఆరింటికి వరండా ఊడిపించి, సైకిలు ఇచ్చి పంపేశారు. చాలాకాలం దాన్ని హాస్టల్ కబుర్లలో తమాషాగా చెప్పేవాణ్ని. లా చదివి నల్లకోటు వేసుకున్నాక ఒకరోజు హఠాత్తుగా తట్టింది. ఆ ఐదు గంటలూ మేమెక్కడున్నామో ఈ లోకంలో ఏ కాగితం మీదా లేదు. మాకేమైనా అయ్యుంటే, మా నాన్న వెతుక్కుంటూ ఆ గుమ్మం దగ్గరికి వస్తే, "మాకు తెలీదు" అన్న ఒక్క మాటతో వెనక్కి పంపేయవచ్చు. అది తట్టిన రోజు నాకు మళ్లీ ఆ చలి వేసింది.

ఈ అధ్యాయం ఆ "ఊరికే" గురించే.

మన చట్టాల్లో "ఊరికే" అన్న సెక్షన్ లేదు. 2024 జులై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లోకి వచ్చింది. నంబర్లు మారాయి గానీ ఈ విషయంలో లెక్క మారలేదు. రోడ్డు మీద పోలీసు మిమ్మల్ని మామూలుగా ఏదైనా అడగవచ్చు. ఫలానా చట్టం ఫలానా అధికారం ఇచ్చింది కనుక ఆపి తనిఖీ చేయవచ్చు. లేదా అరెస్టు చేయవచ్చు. ఒక కేసులో మీ వాంగ్మూలం కావాలంటే రాతపూర్వకంగా పిలవాలి. అధికారి ఇచ్చిన న్యాయమైన ఆదేశాన్ని ఖాతరు చేయకపోతే నిలిపి ఉంచే వీలు 172వ సెక్షన్‌లో ఉంది. అయితే అక్కడ కూడా మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్లాలి, చిన్న విషయమైతే 24 గంటల్లోపు వదిలిపెట్టాలి. వీటిలో దేనికీ చెందకుండా మనిషిని బండెక్కించుకుని పోవడానికి చట్టం పెట్టిన పేరు లేదు. మనంతట మనమే వెళ్తే అది మన ఇష్టం. చిక్కల్లా అక్కడే వస్తుంది. భయపడి వెళ్లినా సరే, "ఆయనే వచ్చాడు" అని తర్వాత చెప్పుకునే వీలు వాళ్లకుంటుంది.

అందుకే నేను న్యాయ విజ్ఞాన సదస్సులకు వెళ్లిన ప్రతిచోటా ఒక్క వాక్యం నేర్పుతాను: "సార్, నన్ను అరెస్టు చేస్తున్నారా? లేకపోతే నేను వెళ్లొచ్చా?" అంతే. ఈ ప్రశ్నకు వచ్చే జవాబు ఏదైనా మీకు పనికొస్తుంది. కాదంటే వెళ్లొచ్చు. అవునంటే ఆ క్షణం నుంచి రాజ్యాంగం 22వ అధికరణం మీ పక్కన నిలబడుతుంది. ఏ కేసో చెప్పాలి, వకీలును కలవనివ్వాలి, ప్రయాణానికి పట్టే సమయం మినహాయించి 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి.

చెప్పడం తేలికే. అర్ధరాత్రి టార్చిలైటు కళ్లలో పడ్డప్పుడు ఈ వాక్యం గొంతు దాటి రాదు. అందుకే ముందు ఒంటి గురించి మాట్లాడుకుందాం. బండి ఆపండి, ఇంజిను ఆపండి. చేతులు కనిపించేలా ఉంచండి. జేబులోకి చెయ్యి పెట్టాల్సి వస్తే "లైసెన్సు తీస్తున్నాను సార్" అని చెప్పి పెట్టండి. పారిపోవద్దు. పరుగెత్తినవాడి మీద అనుమానం పుట్టిందంటే దాన్ని ఏ కోర్టూ తప్పు పట్టదు. "సార్" అనండి, అందులో పోయేదేమీ లేదు. ఆయన "ఏరా" అన్నాడని మీరూ ఏకవచనంలోకి దిగారంటే అసలు విషయం పక్కకుపోయి, విధులకు ఆటంకం కలిగించాడన్న కొత్త కేసు ముందుకొస్తుంది. ఒక్క దీర్ఘశ్వాస తీసుకుని, ఆయన ఛాతీ మీద పేరు చదవండి. చదివి లోపల రెండుసార్లు అనుకోండి. పేరు గుర్తుపెట్టుకోవడానికి ప్రయత్నించే మనసుకు భయపడే తీరిక కొంచెం తగ్గుతుంది. ఇది నేను నా మీదే చేసి చూసుకున్నాను.

మన దగ్గర ఇంకో అలవాటుంది. బండి ఆపగానే ఫోన్ తీసి, "ఒక్క నిమిషం సార్, అన్నతో మాట్లాడండి" అని కానిస్టేబుల్ చేతికివ్వడం. ఆ అన్న కార్పొరేటరో, ఎమ్మెల్యే పీయేనో అయి ఉంటాడు. చాలాసార్లు పని జరిగిపోతుంది కూడా. అయినా మానెయ్యమనే చెబుతాను. అన్న పుణ్యమా అని బయటపడిన ప్రతివాడి వెనకా అన్న లేనివాడు ఒకడు అదే లైన్లో నిలబడి ఉంటాడు. పైగా అన్న ఫోన్ ఎత్తని రోజు మీకూ ఏ మాటా రాదు. ఫోన్ చేయాల్సింది ఇంటికి. ఎక్కడున్నారో, ఎవరు ఆపారో, బండి నంబరేమిటో నలుగురు వినేలా చెప్పండి. మీరు ఫలానా చోట, ఫలానా సమయంలో ఉన్నారని బయట ఇంకొక మనిషికి తెలియడమే మీకు మొదటి రక్షణ.

పేరు, చిరునామా అడిగితే చెప్పండి. చిన్న తప్పేదో పోలీసు కళ్లముందే చేసి, పేరు చెప్పకుండా మొండికేస్తే అరెస్టు చేసే అధికారం 39వ సెక్షన్ ఇస్తుంది. ఆధార్ కార్డు జేబులో పెట్టుకు తిరగాలని మాత్రం ఏ చట్టమూ అనదు. మిగతా ప్రశ్నల దగ్గర ఒక తేడా మనసులో ఉంచుకోండి. మిమ్మల్ని నేరంలో ఇరికించే ప్రశ్నకు మౌనంగా ఉండే హక్కు రాజ్యాంగం 20వ అధికరణంలో ఉంది. అబద్ధం చెప్పే హక్కు మాత్రం ఎక్కడా లేదు. "అది మా వకీలు ఉన్నప్పుడు చెబుతాను సార్" అన్నది మర్యాదైన, చట్టబద్ధమైన జవాబు. ఒడిశా మాజీ ముఖ్యమంత్రి నందినీ శతపథి పోలీసుల ప్రశ్నలకు జవాబివ్వనని సుప్రీంకోర్టుదాకా వెళ్లారు. 1978లో జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన తీర్పు ఆ మౌనాన్ని నిలబెట్టింది. ముఖ్యమంత్రికి దక్కిన ఆ హక్కు కూరగాయల బండివాడికీ అంతే దక్కుతుంది.

బండి మీద ఉన్నవాళ్లకు నియమాలు వేరు, అక్కడ పోలీసు అధికారం ఎక్కువ. మోటారు వాహనాల చట్టం 130వ సెక్షన్ కింద యూనిఫాంలో ఉన్న పోలీసు అడిగితే లైసెన్సు చూపించాల్సిందే. ప్లాస్టిక్ కార్డే ఉండాలని లేదు, డిజిలాకర్‌లో ఉన్నదైనా చెల్లుతుంది. ఆర్సీ, ఇన్సూరెన్సు ఆ నిమిషంలో దగ్గర లేకపోతే తర్వాత గడువులోగా చూపించుకునే వెసులుబాటు ఆ చట్టంలోనే ఉంది. లైసెన్సు తీసేసుకుంటే రసీదు ఇవ్వాలి. రసీదు లేకుండా లైసెన్సు వదిలి రావద్దు. నడుస్తున్న బండికి అడ్డంపడి తాళం లాక్కోవడం మన కూడళ్లలో రోజూ చూస్తాం. అలా లాక్కోవచ్చని ఆ చట్టంలో ఎక్కడా లేదు. బండిని నిలిపివేయాలంటే 207వ సెక్షన్ ఉంది, దానికి కారణాలున్నాయి, కాగితం ఉంది.

మందు తాగి నడపడం మాత్రం హక్కుల కథ కాదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరమే. మొదటిసారికే ఆరు నెలల జైలు దాకా, పదివేల జరిమానా. ఊదనని మొండికేస్తే అరెస్టుకు అదే కారణమవుతుంది. అలాంటి అరెస్టు చేశాక రెండు గంటల్లో వైద్యపరీక్ష చేయించాలని, లేకపోతే వదిలిపెట్టాలని కూడా అదే చట్టం 202వ సెక్షన్‌లో చెప్పింది. బండి సంగతి 2021 నవంబరులో తెలంగాణ హైకోర్టు తేల్చింది. పక్కన మందు తాగని, లైసెన్సు ఉన్న మనిషి ఉంటే బండి అతనికి అప్పగించాలి. లేకపోతే బంధువులను పిలిపించాలి. ఎవరూ రాకపోతేనే స్టేషన్‌కు తరలించాలి. నడపడానికి మనిషి ఉన్నా బండి సీజ్ చేయబోతే ఈ తీర్పు సంగతి నెమ్మదిగా చెప్పండి.

ఇక జేబూ, సంచీ, ఫోనూ. ఈ మధ్య ఎక్కువమంది నన్ను అడిగేది వీటి గురించే.

వీధిలో పోయే ఎవరినైనా, ఏ కారణమూ లేకుండా, జేబులు తడిమే సాధారణ అధికారం పోలీసుకు లేదు. అనుమానానికి ఒక ఆధారం ఉండాలి. గంజాయి అనుమానమైతే మాదకద్రవ్యాల చట్టం 43వ సెక్షన్ బహిరంగ స్థలంలో ఆపి వెతికే అధికారం ఇస్తుంది. దాని వెంటనే 50వ సెక్షన్ మీకో రక్షణ ఇస్తుంది. ఒంటిని సోదా చేసేముందు, దగ్గర్లోని గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేటు ముందో చేయమని అడిగే హక్కు మీకుందని వాళ్లే మీకు చెప్పాలి. చెప్పకుండా చేసిన సోదాలో దొరికిన సరుకు మీద శిక్ష నిలబడదని 1999లో బల్దేవ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఈ రక్షణ ఒంటి సోదాకే గానీ చేతిసంచికి కాదు, అది గుర్తుంచుకోండి. స్త్రీని సోదా చేసేది స్త్రీయే కావాలి. కొత్త సంహిత 105వ సెక్షన్ ఇంకో మేలు చేసింది. సోదా, స్వాధీనం మొత్తం పోలీసులే వీడియో తీయాలి. కాబట్టి "వీడియో తీస్తున్నారా సార్?" అని అడగడంలో తప్పులేదు. సంచిలో లేనిదాన్ని ఉన్నట్టు చూపించకుండా అది కాపాడుతుంది.

2021 అక్టోబరులో హైదరాబాద్‌లో గంజాయి వేట అంటూ పోలీసులు బైకులు ఆపి, కుర్రాళ్ల ఫోన్లు తీసుకుని, వాట్సాప్‌లో "గంజాయి" అని టైపు చేసి వెతుకుతున్న వీడియోలు బయటికొచ్చాయి. వాటిలో నన్ను బాధపెట్టింది ఆ కుర్రాళ్ల మొహాలు. అడగ్గానే లాక్ తీసి ఇచ్చేశారు. అందులో అమ్మ మెసేజ్‌లు, స్నేహితురాలి ఫోటోలు, బ్యాంకు వివరాలు ఉంటాయి. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టులో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఒక్కమాటగా చెప్పిన దేశంలో ఇదంతా జరిగింది. దర్యాప్తులో ఫోన్ అవసరమైతే సంహిత 94వ సెక్షన్ కింద రాతపూర్వకంగా అడగాలి. తీసుకుంటే పంచనామా రాయాలి. రోడ్డు మీద "లాక్ తియ్" అన్నప్పుడు "ఏ కేసులో సార్? ఆర్డరు రాసివ్వండి, ఇస్తాను" అనండి. బలవంతంగా లాక్కుంటే పెనుగులాడకండి. "నేను ఒప్పుకోవడం లేదు" అని ఒక్కసారి స్పష్టంగా అనండి. ఆ మాట తర్వాత కోర్టులో బరువు తూగుతుంది, పెనుగులాట తూగదు.

ఫోటో సంగతీ ఇంతే. 2021 మేలో లాక్‌డౌన్ వేళ పాతబస్తీలో ఒక సామాజిక కార్యకర్తను ఆపి మాస్కు తీయమన్నారు. ఎందుకన్నాడాయన. అయినా మాస్కుతోనే ఫోటో తీసుకున్నారు. నా మొహాన్ని ఏ కంప్యూటర్‌లో పెట్టారు, ఏ చట్టం కింద అని ఆయన తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. 2022లో వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ ఐడెంటిఫికేషన్ చట్టం కొలతలు, ఫోటోలు తీసుకోనిచ్చేది శిక్షపడినవాళ్లవీ, అరెస్టయినవాళ్లవీ, మేజిస్ట్రేటు ఆదేశం ఉన్నవాళ్లవీ. పాలప్యాకెట్ కోసం బయటికొచ్చిన మనిషివి కాదు.

ఆడవాళ్ల విషయానికి వచ్చేముందు ఒక పాత సంగతి చెప్పాలి. 1978 మార్చిలో హైదరాబాద్‌లో ఒక రిక్షా కార్మికుడూ, అతని భార్యా రాత్రి సినిమా చూసి ఇంటికి వస్తున్నారు. పోలీసులు ఆపి ఆమెను నల్లకుంట స్టేషన్‌కు తీసుకెళ్లారు. అక్కడ ఆమెపై అత్యాచారం జరిగింది. భర్త దెబ్బలకు చనిపోయాడు. నగరం భగ్గుమంది, కాల్పులు జరిగాయి, కర్ఫ్యూ పెట్టారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను దోషులుగా తేల్చింది. కేసు కర్ణాటకలోని రాయచూరు కోర్టుకు బదిలీ అయింది, అక్కడ నిందితులంతా నిర్దోషులుగా బయటికొచ్చారు. నా సైకిలు కథకూ ఆ కథకూ మొదలు ఒకటే. సినిమా చూసి ఇంటికి వెళ్తున్న ఇద్దరిని పోలీసులు ఆపారు. ఆ తర్వాత ఏమవుతుందన్నది ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్ల మంచిచెడుల మీద ఆధారపడి ఉంది. మనిషి ప్రాణం, మానం అలా ఆధారపడకూడదు. హక్కులు రాసుకున్నది అందుకే.

ఇవాళ సంహిత 43వ సెక్షన్ ఇలా ఉంది. స్త్రీని అరెస్టు చేస్తున్నామని నోటితో చెబితే చాలు, మగ పోలీసు ఒంటిమీద చెయ్యి వేయకూడదు. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయం లోపు అరెస్టు చేయకూడదు. తప్పనిసరైతే మహిళా అధికారి, మేజిస్ట్రేటు దగ్గర ముందుగా రాతపూర్వక అనుమతి తీసుకుని చేయాలి. సాక్షిగా ప్రశ్నించాలంటే స్త్రీని, పదిహేనేళ్ల లోపు బాలుణ్ని, 60 ఏళ్లు దాటినవారిని, వికలాంగులను, జబ్బుతో ఉన్నవారిని స్టేషన్‌కు పిలవకూడదు. పోలీసులే ఇంటికి రావాలని 179వ సెక్షన్ అంటుంది. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకు లాకప్ లేదు, బేడీలు లేవు. జువెనైల్ జస్టిస్ చట్టం వాళ్లకు వేరే అధికారిని, వేరే బోర్డును పెట్టింది.

అరెస్టే అయిందనుకుందాం. ఇక్కడ మీకు కావలసింది కాగితం. ఈ కాగితం వెనక పదేళ్ల కథ ఉంది. 1986 ఆగస్టులో పశ్చిమ బెంగాల్ న్యాయ సహాయ సంస్థ పెద్ద డి.కె. బసు, లాకప్ మరణాల వార్తలు కత్తిరించి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఒక ఉత్తరం రాశారు. కోర్టు ఆ ఉత్తరాన్నే రిట్ పిటిషన్‌గా తీసుకుంది. 1996 డిసెంబరు 18న పదకొండు ఆదేశాలతో తీర్పు వచ్చింది. వాటిలో ముఖ్యమైనవి ఇప్పుడు సంహిత 36వ సెక్షన్‌లో చట్టంగానే ఉన్నాయి. అరెస్టు చేసే అధికారి పేరు స్పష్టంగా కనిపించాలి. అక్కడికక్కడే అరెస్టు మెమో రాయాలి. దాని మీద మీ ఇంటివాళ్లో, ఆ వీధి పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలి, మీ సంతకమూ ఉండాలి. మీరు చెప్పిన మనిషికి కబురు పంపాలి. ఈ మధ్యనే, 2025 నవంబరులో, సుప్రీంకోర్టు ఇంకో మెట్టు ఎక్కించింది. ఏ నేరమైనా సరే, అరెస్టుకు కారణాలను మీకర్థమయ్యే భాషలో రాసివ్వాలి. అక్కడికక్కడే కుదరకపోతే మేజిస్ట్రేటు ముందు పెట్టడానికి కనీసం రెండు గంటల ముందైనా ఇవ్వాలి. తెలుగు మనిషికి తెలుగులో రాసిచ్చిన కాగితం అన్నమాట. అడగండి.

ఏడేళ్లలోపు శిక్షపడే నేరాల్లో మామూలుగా అరెస్టు కాదు, నోటీసు ఇవ్వాలి. మన ఊళ్లలో ఇప్పటికీ "41ఎ నోటీసు" అంటారు, ఇప్పుడది 35(3). 2014లో అర్నేష్ కుమార్ కేసు తర్వాత ఇది గట్టిపడింది. వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. నోటీసు అందితే తప్పక వెళ్లండి. నోటీసు ప్రకారం హాజరవుతున్నంతకాలం, కారణం రాయకుండా అరెస్టు చేయరాదు.

సంతకాల దగ్గర మాత్రం గట్టిగా ఉండండి. పోలీసుకు ఇచ్చిన వాంగ్మూలం మీద మీ సంతకం తీసుకోకూడదని 181వ సెక్షన్ చెబుతోంది. తెల్లకాగితం మీద సంతకం అడిగితే అది చట్టం చెప్పిన పని కానే కాదు. "పెడితే వదిలేస్తాం" అంటారు. ఆ కాగితం మీద తర్వాత ఏం రాస్తారో మీకు తెలియదు. రాత లేకుండా తీసుకెళ్లడం ఎంత ప్రమాదమో, రాత లేని కాగితం మీద సంతకం అంత ప్రమాదం.

పోలీసు కొలువు కష్టం నాకు తెలుసు. ఎండలో కూడలిలో గంటలకొద్దీ నిలబడే కానిస్టేబుల్ మీద నాకు కోపం లేదు. అయితే రోడ్డు మీద ఎవరిని ఎక్కువగా ఆపుతారన్నది కాకతాళీయం కాదని కోర్టులో కూర్చున్నవాళ్లకు తెలుస్తుంది. హైదరాబాద్ రాష్ట్రంలో 1329 ఫస్లీలో, అంటే 1919 ప్రాంతంలో, ఒక చట్టం చేశారు. హిజ్రాలు ఆడవాళ్ల దుస్తులు వేసుకుని, నగలు పెట్టుకుని వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకోవచ్చని అది చెప్పింది. కట్టుకున్న బట్టే నేరం. ఆ చట్టాన్ని తెలంగాణ హైకోర్టు రాజ్యాంగవిరుద్ధమని కొట్టేసింది 2023 జులైలో. నూరేళ్లు పైగా అది పుస్తకంలో ఉంది. ఎరుకల, యానాది వంటి తెగలను పుట్టుకతోనే నేరస్థులన్న క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1952లో రద్దయింది. ఆ తెగల పేర్లు చెప్పగానే మారే చూపు మాత్రం రద్దు కాలేదు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఇలాంటివాళ్లే ఎక్కువ. వాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: న్యాయ సేవాధికార సంస్థల చట్టం 1987 కింద ఎస్సీ, ఎస్టీలకూ, స్త్రీలకూ, కస్టడీలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును పెట్టాలి. 15100కు ఫోన్ చేయండి, లేదా కోర్టు ఆవరణలో ఉన్న మండల న్యాయ సేవాధికార సంస్థ గదికి మీవాళ్లను పంపండి.

నకిలీ పోలీసుల గురించీ ఒక మాట. "అమ్మా, ముందు గొడవలు జరుగుతున్నాయి, నగలు తీసి సంచిలో పెట్టుకోండి" అని చెప్పి, కాగితంలో పొట్లం కట్టిచ్చి, ఇంటికెళ్లి చూస్తే రాళ్లు మిగిల్చే ముఠాల కథలు మన పేపర్లలో ఏటా వస్తాయి. నిజమైన పోలీసు మీ నగలు తీయించడు. మఫ్టీలో ఉన్న మనిషి పోలీసునంటే గుర్తింపు కార్డు అడగండి. అనుమానం తీరకపోతే 112కు ఫోన్ చేసి ఇక్కడ ఎవరు డ్యూటీలో ఉన్నారో అడగండి. నిజమైన పోలీసుకు దానివల్ల నష్టం లేదు.

ఇన్ని చెప్పినా, ఒకరోజు ఇవేవీ పనిచేయకపోవచ్చు. చెయ్యి చేసుకోవచ్చు, డబ్బు గుంజవచ్చు. రోడ్డు మీద గెలవాలని చూడకండి, ఆ చోట బలం వాళ్లది. మీ చోటు తర్వాత వస్తుంది. ఇంటికెళ్లగానే తేదీ, సమయం, పేర్లు, బండి నంబరు, అన్న మాటలు కాగితం మీద రాసుకోండి. దెబ్బలుంటే ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించి కాగితం తీసుకోండి. ఎస్పీకో, కమిషనర్‌కో రిజిస్టర్డ్ పోస్టులో ఫిర్యాదు పంపండి, నకలు రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు పంపండి. స్టేషన్లలో సీసీ కెమెరాలు పెట్టి రికార్డింగు కనీసం ఏడాది దాచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో ఆదేశించింది. కాబట్టి ఆలస్యం చేయకుండా ఆ రికార్డింగు భద్రపరచమని రాతపూర్వకంగా అడగండి. లంచం బలవంతంగా ఇవ్వాల్సి వస్తే ఏడు రోజుల్లో ఫిర్యాదు చేసినవాణ్ని చట్టం నేరస్థుడిగా చూడదు. తెలంగాణ ఏసీబీ నంబరు 1064.

మేజిస్ట్రేటు ముందు నిలబడే రెండు నిమిషాల గురించి చెప్పకుండా ఆపలేను. న్యాయ సహాయం తరఫున రిమాండ్ డ్యూటీకి వెళ్లినప్పుడల్లా చూస్తాను. మేజిస్ట్రేటు తలెత్తి, "పోలీసులు ఏమైనా ఇబ్బంది పెట్టారా?" అని అడుగుతారు. కుంటుతూ వచ్చిన కుర్రాడు పక్కనున్న ఎస్కార్టు వైపు ఓసారి చూసి, "లేదు సార్" అంటాడు. ఆ "లేదు" రికార్డుకెక్కుతుంది. తర్వాత ఎన్ని చెప్పినా ఆ రెండక్షరాలు అడ్డం వస్తాయి. ఆ కుర్రాడికి ఇంటి దగ్గర ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేదని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది. అక్కడ నిజం చెప్పాలి. కొట్టారంటే కొట్టారని, ఎప్పుడు పట్టుకున్నారో ఆ సమయం చెప్పాలి. నిన్న పట్టుకుని ఇవాళ పట్టుకున్నట్టు రాసి ఉంటే అదీ చెప్పాలి. ఆ ప్రశ్న మర్యాదకు అడిగేది కాదు. మీ జవాబు కోసం చట్టం ఆగి నిలబడే క్షణం అది.

మీ ఇంట్లో పదహారు దాటిన పిల్లలుంటే ఈ రాత్రి భోజనాల దగ్గర కూర్చోబెట్టండి. మీరు పోలీసు వేషం కట్టి "ఊరికే స్టేషన్‌దాకా రా" అనండి. వాళ్లతో "సార్, నన్ను అరెస్టు చేస్తున్నారా? లేకపోతే నేను వెళ్లొచ్చా?" అని గట్టిగా, మూడుసార్లు పలికించండి. నవ్వుతారు, నవ్వనివ్వండి. తర్వాత వాళ్ల ఫోన్‌లో 15100 సేవ్ చేయించండి.